పసుపు దేహం, నల్లని గీత: శ్రీకాళహస్తి కలంకారీలో స్త్రీమూర్తి - జపాను సుందరీచిత్రాలతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

శ్రీకాళహస్తి వ్రాతపనిలో స్త్రీమూర్తికి పసుపువన్నె వేయడం సంప్రదాయం. పసుపు మంగళప్రదం కాబట్టి స్త్రీకి ఆ వర్ణం దక్కిందన్న వివరణ విరివిగా వినిపిస్తుంది. ఆ రంగు గుడ్డపై ఏ దశలో చేరుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అన్న విషయాలను పక్కనపెట్టి చేసే సంకేతవివరణ అసమగ్రమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పోలిక కోసం ఎదో యుగపు జపాను సుందరీచిత్రాలను స్వీకరిస్తుంది.

కీలకపదాలు: వ్రాతపని, కలంకారీ, కరక్కాయ, కసిం, సుందరీచిత్రం, ఒహగురో, వర్ణసంకేతం.

ఉపోద్ఘాతం

ఒక చిత్రంలో రంగుకు అర్థం ఉందని చెప్పడం తేలిక. ఆ అర్థం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడం కష్టం. శ్రీకాళహస్తి కలంకారీపై వచ్చిన రచనల్లో ఒక వర్ణనియమం తరచుగా కనిపిస్తుంది: దేవతలకు నీలం, రాక్షసులకు ఎరుపు, హనుమంతునికి ఆకుపచ్చ, స్త్రీలకు పసుపు. ఈ నియమం అబద్ధం కాదు. తెరలను చూసినవారెవరికైనా అది స్థూలంగా నిజమేనని తోస్తుంది. అయితే దానిని నిఘంటువులా వాడుకోవడం మొదలుపెట్టినప్పుడు చిక్కులు ఎదురవుతాయి. మహాభారతం ద్రౌపదిని కృష్ణ అని పిలుస్తుంది. ఆమెది నల్లని మేనిచాయ. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ధర్మరాజు గుళ్లలో ద్రౌపదమ్మ కొలుపులందుకునే దేవత. భారత ఉత్సవాలు, అగ్నిగుండం తొక్కడం ఇక్కడి జనజీవనంలో భాగం. ఇటువంటి సీమలో ద్రౌపదిని పసుపువన్నెతో చూపితే చిత్రకారుడు కావ్యాన్ని మరచినట్లా? శూర్పణఖ స్త్రీ, రాక్షసి కూడా. ఆమె విషయంలో రెండు నియమాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. కనుక పసుపు కేవలం స్త్రీలింగానికి గుర్తు కాజాలదు.

ఈ సమస్యను స్పష్టంగా చూడటానికి బయటి కొలమానం ఒకటి అవసరం. స్త్రీమూర్తినే ప్రధానవస్తువుగా చేసుకుని, వర్ణాన్నీ చిహ్నాన్నీ అతి సూక్ష్మంగా వాడిన జపాను సుందరీచిత్రాలు, అంటే బిజిన్‌గా, ఇందుకు తగినవి. శ్రీకాళహస్తి తెరకూ జపాను ముద్రణచిత్రానికీ మధ్య ప్రభావసంబంధాన్ని నిరూపించడం ఈ పోలిక ఉద్దేశం కాదు. వాటి మధ్య ఉన్న చుట్టరికం వేరొక చోట, రంగుకుండలో, ఉంది.

వ్రాతపని: దేహం ఖాళీగా ఉండే కాలం

తెలుగులో దీనికి వ్రాతపని అనే పేరుంది. మచిలీపట్నపు అద్దకంలో చెక్క అచ్చులది ప్రధానపాత్ర. శ్రీకాళహస్తిలో అంతా కలంతోనే. వెదురుపుల్ల కొన దగ్గర ఉన్ని చుట్టి దారంతో బిగించిన సాధనమే ఆ కలం. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేలి ఒత్తిడికి వదులుతుంది. సన్నని గీతకు ఒక కలం, వర్ణం నింపడానికి మరొకటి.

కోరా నూలుగుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో తడిపి ఆరబెడతారు. కరక్కాయలోని వగరు పదార్థం దారంలోకి దిగుతుంది. పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. చింతకొమ్మ బొగ్గుతో రేఖామాత్రంగా బొమ్మ గీసిన తరువాత కసిం అనే ద్రావణంతో అసలు గీత పడుతుంది. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో రెండుమూడు వారాలు పులియబెట్టి దీనిని తయారుచేస్తారు. కుండలో ఉన్నప్పుడు ఇది చెప్పుకోదగ్గ నలుపు కాదు. కరక్కాయ పట్టిన గుడ్డను తాకిన క్షణాన నల్లబడుతుంది. ఇనుము, వగరు కలిసినచోటే నలుపు పుడుతుంది. అంటే గీత గుడ్డమీద పూసిన పూత కాదు, గుడ్డలోనే జరిగిన మార్పు. అందుకే దానిని తుడిచి దిద్దుకునే అవకాశం చిత్రకారునికి లేదు.

ఆ తరువాత ఎరుపు రావలసిన తావుల్లో పటికనీరు పెట్టి, ఉతికి, ఎర్రరంగు కాగులో ఉడికిస్తారు. పూర్వం చిరివేరు, మంజిష్ఠ వంటివి ఈ ఎరుపునిచ్చేవి. పటిక తాకినచోట మాత్రమే రంగు గట్టిపడుతుంది, మిగిలినచోట ఉతుకుల్లో పోతుంది. ఉతకడానికి పారేనీరు కావాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని స్థిరపడటానికి దేవాలయం ఎంత కారణమో నది కూడా అంత కారణం. ఉడికిన గుడ్డను మళ్లీ పాలలో ముంచి ఆరబెట్టిన తరువాతనే పసుపు, నీలం వస్తాయి. పసుపు మీద నీలం పడితే ఆకుపచ్చ.

ఈ క్రమంలో ఒక విశేషం దాగి ఉంది. నేపథ్యమూ, చీర అంచులూ, రాక్షసదేహాలూ ఎరుపెక్కి ఉడికి నదిలో తడిసి ఆరేంతవరకు స్త్రీమూర్తి దేహం నల్లని గీతల నడుమ ఖాళీగానే ఉంటుంది. కళ్లు, కనుబొమలు, ముక్కెర, వడ్డాణం, జడ అన్నీ సిద్ధం. మేను మాత్రం వట్టి గుడ్డ. పసుపు ఆమెను చేరేది చివరి దశల్లో. కాగులో ఉడికి పుట్టిన రంగు కాదది, చేత్తో పైన నింపిన రంగు. ఈ వరుస తెలియకుండా పసుపును కేవలం భావంగా వివరిస్తే పనిలో దానికున్న స్థానం కనుమరుగవుతుంది.

పసుపునిచ్చే పదార్థాన్ని కరక్కాయ పువ్వు అంటారు. పేరుకు పువ్వేగాని, వృక్షశాస్త్రం ప్రకారం అది కరకచెట్టు ఆకుపై పురుగు తాకిడివల్ల ఏర్పడే బుడిపె. ఒకే చెట్టు కాయ గీతలోని నలుపుకు సాయపడుతుంది, ఆకుబుడిపె దేహపు పసుపునిస్తుంది. గీతా దేహమూ ఒకే వృక్షానికి రుణపడి ఉన్నాయన్న మాట. వంటింటి పసుపుకొమ్ముతో ఈ రంగుకు సంబంధం లేదు. అయినా తెలుగులో వర్ణానికీ, ముత్తయిదువ ముఖానికి రాసుకునే పదార్థానికీ ఒకటే పేరు ఉండటం వల్ల చూసేవారి మనస్సులో ఆ రెండూ కలిసిపోయాయి. సంకేతం పుట్టినదాని కంటే సంకేతం కుదురుకున్న తీరును వివరించడానికి ఈ భాషావిషయం ఎక్కువగా ఉపకరిస్తుంది.

ఎదో సుందరి: తెల్లని కాగితం, రంగుల వస్త్రం

జపానులో 1765 ప్రాంతాన సుజుకి హరునోబు చిత్రాలతో బహువర్ణ ముద్రణ, అంటే నిషికి-ఎ, స్థిరపడింది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క చెక్క. చిత్రకారుడు, చెక్కేవాడు, అచ్చొత్తేవాడు, ప్రచురణకర్త - నలుగురి ఉమ్మడి కృషి అది. 1790లలో కితగావా ఉతమారో స్త్రీముఖాన్ని కాగితం నిండా పెద్దదిగా చూపే చిత్రాలతో ఈ ప్రక్రియను మరో స్థాయికి తీసుకువెళ్లాడు.

శ్రీకాళహస్తి తెరను చూసిన కంటితో ఉతమారో చిత్రాన్ని చూస్తే మొదట కొట్టొచ్చినట్లు కనిపించే భేదం దేహవర్ణం. ఉతమారో సుందరి మేనికి సాధారణంగా రంగు ఉండదు. కాగితపు తెలుపే ఆమె చర్మం. వర్ణమంతా కిమోనోలో, నడికట్టులో, కొప్పు దువ్వెనలో ఉంటుంది. చెప్పవలసిన సమాచారం కూడా అక్కడే ఉంటుంది. పొడవైన చేతులున్న కిమోనో అవివాహితది. నడికట్టు ముడి ముందువైపు ఉంటే ఆమె వేశ్యావాటికకు చెందిన ఉన్నతశ్రేణి స్త్రీ కావచ్చు. గొరిగిన కనుబొమలు గృహిణీత్వానికి, మాతృత్వానికి గుర్తు. నల్లగా మెరిసే పళ్లు వివాహితకు గుర్తు, కొన్ని సందర్భాల్లో వేశ్యకు కూడా. కలంకారీలో దేహవర్ణం ఏ కోవకు చెందిన పాత్రో చెబితే, జపాను చిత్రంలో వస్త్రమూ అలంకారమూ ఆ పని చేస్తాయి.

ఈ చిహ్నాలు నిరపాయకరమైన అలంకారాలు కావు. 1793లో ఎదో ప్రభుత్వం వేశ్యలు కాని స్త్రీల పేర్లను చిత్రాలపై ముద్రించడాన్ని నిషేధించింది. తేనీటి దుకాణాల అందగత్తెల పేర్లను సూచించడానికి ఉతమారో బొమ్మల పొడుపుకథలను వాడాడు. 1796లో వాటినీ నిషేధించారు. 1800లో స్త్రీల పెద్దతలల చిత్రాలపైనే ఆంక్ష వచ్చింది. సంకేతం ఇక్కడ ఆజ్ఞను తప్పించుకునే దారి. శ్రీకాళహస్తి తెరలో ఇందుకు పూర్తిగా భిన్నమైన స్థితి. బొమ్మల వరుసలకు జతగా తెలుగు అక్షరాల్లో కథావివరం వ్రాసే ఆచారం ఉంది. పేరు దాచవలసిన అగత్యం లేదు. తెర వేలాడేది గుడిలో, చూసేది కథ తెలిసిన జనం. ఉపోద్ఘాతంలో లేవనెత్తిన ద్రౌపది చిక్కుకు సమాధానం ఇక్కడ దొరుకుతుంది. ఆమెను గుర్తించడానికి మేనిచాయ అవసరం లేదు. దుశ్శాసనుడు లాగుతున్న చీర చాలు, కింద నాలుగు అక్షరాలు చాలు. దేహవర్ణం వ్యక్తిని చెప్పదు, కథలో ఆమె నిలబడిన పక్షాన్ని చెబుతుంది. సీతకూ ద్రౌపదికీ పార్వతికీ ఒకే పసుపు దక్కడం చిత్రకారుని మరుపు కాదు, ఆ పద్ధతిలోని పొదుపు.

పళ్ల నలుపు, గీత నలుపు

జపాను స్త్రీలు పళ్లను నల్లబరచుకునే ఆచారాన్ని ఒహగురో అంటారు. దానికి కావలసిన ద్రావణం ఇనుపముక్కలను పుల్లని ద్రవంలో, తేనీటిలో, కొన్నిచోట్ల బియ్యపు సారాలో నానబెట్టగా వచ్చేది. దానితోపాటు ఫుషి అనే పొడిని పళ్లకు రాస్తారు. ఒక జాతి చెట్టు ఆకులపై పురుగులవల్ల ఏర్పడే బుడిపెలను ఎండబెట్టి దంచితే వచ్చేది ఆ పొడి. దానిలో వగరు పదార్థం మెండు. ఇనుము, వగరు కలిస్తే నలుపు.

శ్రీకాళహస్తి కసిం కుండలో జరిగేదీ అదే. ఉతమారో గృహిణి పళ్లపై నలుపూ, శ్రీకాళహస్తి సీత కనురెప్ప నలుపూ రసాయనరీత్యా తోబుట్టువులు. రెండు సమాజాలూ ఒకదానినుంచి మరొకటి నేర్చుకోకుండానే ఇనుమునూ ఆకుబుడిపెనూ కాయవగరునూ పరిశీలించి ఈ ఫలితానికి చేరాయి. ఒకచోట అది స్త్రీ దేహంపైనే వేసిన గుర్తు అయింది. మరొకచోట స్త్రీ దేహాన్ని గుడ్డపై నిలబెట్టే గీత అయింది. జపానులో ఈ ఆచారం మెయ్‌జీ యుగంలో క్షీణించింది. 1873లో సామ్రాజ్ఞి తెల్లని పళ్లతో బహిరంగంగా కనిపించడం ఆ మార్పుకు పెద్ద గుర్తు. ఆ తరువాతి తరాల ప్రేక్షకులకు పాత చిత్రాల్లోని నల్లపళ్లు వికారంగా తోచాయి. సంకేతం తెలిసిన సమాజం పోతే అందం కూడా లోపంలా కనిపిస్తుందనడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు.

వాణిజ్యదారి

కోరమండలపు వ్రాత, అద్దక వస్త్రాలు జపాను చేరిన మాట వాస్తవం. డచ్చివారి ఈస్టిండియా కంపెనీ 17వ శతాబ్ది తొలి దశాబ్దంలోనే మచిలీపట్నంలోనూ, ఆ వెంటనే పులికాట్‌లోనూ వర్తకస్థావరాలు నెలకొల్పింది. జపానులో వారి స్థావరం 1609నుంచి హిరాడోలో, 1641నుంచి నాగసాకి రేవులోని దెషిమాలో. భారతీయ చిత్రితవస్త్రాలను జపానువారు సరసా అన్నారు. చిన్న ముక్కలను సైతం భద్రపరచి తేనీటి పాత్రల సంచులుగా, పొగాకు సంచులుగా కుట్టుకున్నారు. 1778లో ఆ నమూనాలను వివరిస్తూ సరసా బెన్రాన్ అనే పుస్తకమే వెలువడింది. అక్కడ ఆదరణ పొందినవి పూలు, తీగెలు, రేఖానమూనాలు. పురాణకథలు చెప్పే శ్రీకాళహస్తి తెరలది గుడి వాడుక. ఈ వర్తకంతో దానికి పొత్తు స్వల్పం.

ఎదురుదిశలో జపాను చిత్రకళ తెలుగుదేశానికి వచ్చిన దారి వేరు. 1903లో యొకోయామా తైకాన్, హిషిదా షున్సో కలకత్తా వచ్చారు. వారి పద్ధతిని చూసి అవనీంద్రనాథ ఠాకూరు రంగును పదేపదే నీటితో కడిగి మెత్తబరచే విధానాన్ని రూపొందించుకున్నాడు. ఆ బెంగాలీ సంప్రదాయంలో శిక్షణ పొందిన ప్రమోదకుమార ఛటోపాధ్యాయ మచిలీపట్నంలోని ఆంధ్రజాతీయ కళాశాలలో బోధించాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడు. విచిత్రమేమంటే, శతాబ్దాలుగా అద్దకానికి పేరుపడ్డ మచిలీపట్నానికి జపాను వర్ణదృష్టి కలకత్తా మీదుగా, కాగితంమీద చేరింది.

వెలిసే రంగు

వర్ణసంకేతాలపై జరిగే పరిశోధనలో తరచుగా విస్మరించబడే అంశం రంగుల మన్నిక. ఎదో ముద్రణచిత్రాల్లో కుసుమపూల ఎరుపు బెని, ఒక నీలిపూవు రసంనుంచి తీసిన అయిగామి ప్రధానవర్ణాలు. రెండూ వెలుతురుకు నిలవవు. ఆ రెండింటి కలయికతో వచ్చిన ఊదా నేటికి బూడిద, గోధుమ వన్నెలకు దిగిపోయింది. జపాను చిత్రాలు సంయమనం గల మృదువర్ణాలవి అన్న ప్రశంసలో కొంతభాగం ఈ వెలిసిపోవడానికి చెందుతుంది. 1921లో స్పాల్డింగ్ సోదరులు బోస్టన్ లలితకళల మ్యూజియానికి సుమారు 6,500 చిత్రాలను, ఎన్నడూ ప్రదర్శనకు పెట్టరాదన్న షరతుతో ఇచ్చారు. వెలుతురు సోకని ఆ చిత్రాల్లో రంగులు కళ్లు చెదిరేలా నిలిచి ఉన్నాయి. 1830 ప్రాంతంలో జపానులో వాడుక పెరిగిన ప్రష్యన్ నీలం మాత్రం వెలవలేదు. చిత్రంలో ఏ రంగు మిగిలిందన్నది చిత్రకారుని అభిరుచితో పాటు పదార్థపు ఆయుష్షును కూడా చెబుతుంది.

శ్రీకాళహస్తి వర్ణాలను ఇదే తక్కెడలో తూచాలి. పటిక పట్టిన ఎరుపు, కసిం నలుపు, నీలి - ఈ మూడూ గట్టివి. పసుపు బలహీనం. కోరమండలపు పాత వస్త్రాల్లో ఆకులు నీలంగా కనిపించడానికి కారణం ఇదే. నీలం కలిసిన పసుపు వెలిసిపోయి కింది నీలం మిగిలింది. 1880ల తొలినాళ్లలో శ్రీకాళహస్తిలో తయారైన రామాయణ తెర లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. అటువంటి పాత తెరల ఛాయాచిత్రాలను మాత్రమే ముందుంచుకుని దేహవర్ణాలను పట్టికలుగా వేసే పరిశోధకుడు ఆకుపచ్చను నీలంగా, పసుపును వట్టి గుడ్డగా నమోదుచేసే ప్రమాదం ఉంది. హనుమంతుడు నీలమేఘశ్యాముడు కావచ్చు, సీత వివర్ణ కావచ్చు. వాటికి ఆధ్యాత్మిక వ్యాఖ్యానాలు కూడా పుట్టవచ్చు. వర్ణనియమంలో స్త్రీకి దక్కిన రంగే అన్నిటికంటే త్వరగా పోయేది. ఆమెను నిలబెట్టేది గీత. పెద్ద కళ్లు, గుండ్రని మోము, నగల వివరం, హస్తముద్ర అన్నీ నల్లగీతలోనే పూర్తయి ఉండటానికి ఈ అనుభవం కూడా ఒక కారణంగా భావించవచ్చు.

కృత్రిమ రంగుల రాకతో ఈ లెక్క మారింది. 1868లో జర్మన్ శాస్త్రజ్ఞులు గ్రేబే, లీబర్‌మాన్ మంజిష్ఠలోని ఎర్రపదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. దానితో చిరివేరు సాగు కూలిపోయింది. 1897లో కృత్రిమ నీలి బజారుకు వచ్చింది. అదే కాలంలో జపాను చిత్రాల్లోనూ దిగుమతి ఎరుపు ముంచెత్తింది. మెయ్‌జీ యుగపు చిత్రాల్లో ఆ గాఢమైన ఎరుపు కొత్తదనానికే గుర్తయింది. ఒకే రసాయనిక విప్లవం ఒకచోట కొత్త సంకేతాన్ని పుట్టించింది, మరొకచోట పాత వృత్తి వెన్ను విరిచింది.

గుడినుంచి చీరకు

స్వాతంత్ర్యానంతరం కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950లలో శ్రీకాళహస్తిలో శిక్షణకేంద్రం ఏర్పడింది. జొన్నలగడ్డ లక్ష్మయ్య తరం చేతుల్లో మిగిలిన విద్య ఆ విధంగా కొత్తవారికి అందింది. ఆయన కుమారుడు జొన్నలగడ్డ గురప్పచెట్టి 2008లో పద్మశ్రీ అందుకున్నారు. 2005లో శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2022 ఏప్రిల్‌లో పట్టణం చిత్తూరు జిల్లానుంచి కొత్త తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కొనుగోలుదారుకు మాత్రం అది నేటికీ కాళహస్తి పనే.

ఈ పునరుద్ధరణతో వృత్తి నిలిచింది, వస్తువు మారింది. తెర తగ్గి చీర, దుపట్టా, గోడబొమ్మ పెరిగాయి. చీర కొంగుపై స్త్రీముఖం ఒక్కటే పెద్దదిగా వస్తోంది. ఉతమారో పెద్దతలల చిత్రాలకు ఇది ఊహించని పోలిక. కాని ఉతమారో ముఖానికి చుట్టూ కొప్పు, దువ్వెన, కనుబొమల భాష ఉంది. చదివే జనం ఉన్నారు. చీరకొంగు ముఖానికి కథ లేదు, కింద అక్షరం లేదు, ఆమె సీతో రాధో చెప్పే పక్కపాత్ర లేదు. పసుపుకు ఎదురుగా ఎరుపుదేహం గల రాక్షసుడు లేనప్పుడు ఆ పసుపు దేనినీ వేరుచేయదు. అది అలంకారవర్ణంగా మిగులుతుంది. దీనిని పతనమని కొట్టిపారేయడం తొందరపాటు. ఒకప్పుడు పురుషుల చేతుల్లోనే ఉన్న ఈ పనిలోకి నేడు పెద్దసంఖ్యలో స్త్రీలు వచ్చారు; చాలా ఇళ్లలో గీతల నడుమ రంగు నింపుతున్నది వారే. వారి కూలి చీరల గిరాకీపై ఆధారపడి ఉంది, గుడితెరలపై కాదు.

వర్ణభాష ఈ ప్రాంతంలో పూర్తిగా అంతరించిందనడానికీ వీలులేదు. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో వేషాల వరుస అందుకు సాక్ష్యం. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లని నామపుసుద్ద, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గునలుపు, దొర వేషానికి గంధం. ఒక్కొక్క రోజు ఒక్కొక్క వన్నె. వేషం కట్టేది పురుషుడైనా ఆ వేషాలు గంగమ్మవి. ఏ వన్నె ఏ రోజుదో ఊరందరికీ తెలుసు. కలంకారీ తెరలో పక్కపక్కన పరిచిన వర్ణభేదం ఇక్కడ రోజుల వరుసగా నడుస్తుంది. శ్రీకాళహస్తి పసుపును అర్థం చేసుకోదలచిన పరిశోధకునికి అలంకారశాస్త్ర గ్రంథాల కంటే ఈ జాతర ఎక్కువ సాయపడవచ్చు.

ఇక బజారులో కలంకారీ పేరుతో అమ్ముడయ్యే తెర అచ్చు బట్టల సంగతి. వాటిలో కరక్కాయ లేదు, కసిం లేదు, నది లేదు. వాటి పసుపు మిల్లు పసుపు. ఉతుకుకూ ఎండకూ అది తేలికగా వెలవదు. కరక్కాయ పువ్వుతో వన్నె వేసిన గుడితెర సీత వట్టి గీతగా మిగిలిన తరువాత కూడా, ఆ అచ్చుచీర మీది పేరులేని ముఖం పచ్చగానే ఉంటుంది.